రాగి కూలర్ మీద బొట్టు

నిద్రలో నాకు ఇప్పటికీ ఫ్యాన్ల చప్పుడు వినిపిస్తుంది. ఇంటి పైకప్పుకి వేలాడేవి కాదు, కంప్యూటర్ పెట్టె లోపల అరచేతి వెడల్పున తిరిగేవి. శ్రీకాకుళంలో ఒకే షాపులో, ఒకే బల్ల ముందు కూర్చుని ఉద్యోగమంతా వాటితోనే గడిపాను. రిటైరయ్యాక మధ్యాహ్నం భోంచేసి అలా ఒరిగానంటే చాలు, ఒకదాని తర్వాత ఒకటి తిరగడం మొదలుపెడతాయి. కొన్ని కీచుమంటాయి, కొన్ని గొణుగుతాయి. ఏది ఎవరి మెషీనో కళ్ళు మూసుకునే చెప్పగలను. లేచి చూస్తే ఎదురుగా బట్టలారేసిన దండెం, దాని కింద పక్కింటివాళ్ళ పిల్లి. ఎక్కడున్నానో గుర్తుకు రావడానికి కాసేపు పడుతుంది.

మా తమ్ముడి కూతురు ఈ మధ్యనే ఒక సర్వీస్ సెంటర్లో చేరింది. "అత్తా, యూట్యూబ్‌లో దొరకనిది ఏదైనా ఉంటే రాసియ్యి. దొరికేది నాకొద్దు" అంది. పిల్లకి పొగరు ఉంది, అయితే అడగడం మాత్రం సరిగ్గానే అడిగింది. కనుక జీతం ఎప్పుడు పెరిగిందో, గోడకి ఏ సర్టిఫికెట్ తగిలించారో ఇక్కడ రాయను. వాటితో మీకు పనేముంది?

నెత్తి మీద కూర్చునేది

మా పనిలో లేనివాళ్ళ కోసం ఒక్క ముక్క. కంప్యూటర్ బోర్డు మధ్యలో ఒక చిప్పు ఉంటుంది. ఆలోచనంతా దానిదే, వేడంతా కూడా దానిదే. ఆ వేడిని లాగెయ్యడానికి దాని నెత్తి మీద కూర్చునేదే కూలర్. అడుగున నున్నటి రాగి ముఖం, పైన దొంతరగా పల్చటి రేకులు, పక్కన ఫ్యాన్. మెషీన్‌తో పాటు కంపెనీ ఇచ్చే కూలర్ చిన్నది. కష్టమైన పని చేయిస్తే అది గోల పెడుతుంది. అందుకని కొందరు బయట పెద్ద కూలర్ కొని తెచ్చుకుంటారు. దాన్ని బోర్డు మీద బిగించడం, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళని ఒప్పించడం, రెండూ ఒక్కలాంటి పనులే. డబ్బా మీద "అన్ని బోర్డులకీ సరిపోతుంది" అని రాసి ఉంటుంది. ఆ మాట నమ్మకండి. ఏదీ అన్నిటికీ సరిపోదు.

సాలూరు నుంచి ఒక లారీ ఆఫీసువాళ్ళు మెషీన్ పంపించమన్నారు. పెద్ద కూలర్ బిగించి, దగ్గరుండి లారీ ఎక్కించాను. దారిలో గతుకులకి ఊగి ఊగి, కూలర్ తన బరువుతో తానే ఊడిపోయి పెట్టెలో దొర్లుకుంటూ సాలూరు చేరింది. అప్పట్నుంచి లారీలో పంపే మెషీన్లన్నిటికీ కూలర్ విప్పి, పాత చీరముక్కలో చుట్టి విడిగా పంపేవాళ్ళం. గరివిడి నుంచి వచ్చే మెషీన్లు ఇంకో రకం. అక్కడి ఫ్యాక్టరీ మసి రేకుల మధ్య దట్టంగా పేరుకుపోయేది. విప్పితే నా ముక్కు దగ్గర్నుంచి మోచేతుల వరకు నలుపే. ఆ వేషంతో ఇంటికెళితే మా అమ్మ, "మార్తా, నువ్వు ఇంజినీరువా, రైలింజన్‌లో బొగ్గేసేదానివా?" అనేది.

చెప్పొచ్చేదేమిటంటే, మెషీన్ ఏ ఊరు నుంచి వచ్చిందో ముందు అడగండి. ఏ కంపెనీదో తర్వాత అడగొచ్చు.

షావుకారు గారు

మా షాపు యజమానిని ఊరంతా షావుకారు గారు అనేది, నేనూ అంతే. వాళ్ళ నాన్నగారి రోజుల్లో అది ఇత్తడి, రాగి సామాన్ల కొట్టు. బిందెలు, చెంబులు, దేవుడి గంటలు అమ్మేవారు. స్టీలొచ్చి ఆ వ్యాపారం పోయాక ఈయన కంప్యూటర్లు పెట్టారు. కంప్యూటర్ ఎలా పనిచేస్తుందో ఆయనకి చివరిదాకా తెలీలేదు, తెలుసన్నట్టు ఒక్కనాడూ నటించలేదు. కొనడానికొచ్చినవాళ్ళు ఏదైనా అడిగితే "అది మా అమ్మాయిని అడగండి" అని నా వైపు చూపించేవారు. నేను బాప్టిస్టు చర్చి కుటుంబం నుంచి వచ్చినదాన్ని. వాళ్ళింట్లో నా చెయ్యి తగలని పూజ సామాను ఉండేది, షాపులో నా చెయ్యి తగలని వస్తువు ఉండేది కాదు. ఆయనా నేనూ ఈ విషయం గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆయనకి ఒక పద్ధతి ఉంది. కొత్త వస్తువు ఏదీ బొట్టు లేకుండా గుమ్మం దాటదు. తండ్రి కాలంలో కొత్త బిందెకి పెట్టి ఇచ్చేవారు, ఈయన కంప్యూటర్ పెట్టెకి పెట్టి ఇచ్చేవారు. గంధంలో పసుపు కలిపిన ముద్ద, దాని మధ్యలో కుంకుమ. కౌంటర్ మీద చిన్న గిన్నెలో ఎప్పుడూ తడిగా ఉండేది. ప్రింటర్‌కి, మౌస్‌కి, ఆఖరికి పెన్‌డ్రైవ్‌కి కూడా పెట్టేవారు. కొన్నవాళ్ళు సంతోషించేవారు. నాకూ చూడడానికి బాగుండేది. అబద్ధమెందుకు చెప్పాలి?

నౌపడ నుంచి ఫోను

నేను రిటైరవడానికి కొద్దికాలం ముందు మాట ఇది. నౌపడ నుంచి ఢిల్లేశు ఫోన్ చేశాడు. పూర్తి పేరు ఢిల్లేశ్వరరావు. నలభై దాటిన మనిషి, ఇంట్లోనే ఒక గదికి అద్దాలు బిగించి రికార్డింగ్ స్టూడియో నడుపుతాడు. పెళ్ళి పాటలు, జాతర పాటలు, ఎన్నికల ప్రచారం, మా చర్చి పాటలు, అన్నీ రికార్డు చేస్తాడు. అంతకు ముందు వారమే మా షాపులో ఒక పెద్ద కూలర్ కొని పట్టుకెళ్ళాడు. బిగించడానికి నేనొస్తానంటే "అక్కర్నేదు మేడమ్, వీడియో సూసి నానే ఏసుకుంతాను" అన్నాడు.

ఫోన్లో ఆ ధీమా లేదు.

"మేడమ్, కూలర్ ఏసీసినాను. సప్పుడు అస్సలు నేదు, బంగారంలాగ ఉన్నాది. కానీ రెండు ముక్కలు రికార్డు సేసేసరికి మెషీన్ టప్పని ఆగిపోతన్నాది. తమరు బేగి రావాలి. రేపు తెల్లారి మా అత్తని విశాఖపట్నం తీసుకెల్లిపోతన్నాము."

అత్త అంటే మేనత్త, నీలమ్మ. ఆ చుట్టుపక్కల నీలమ్మ పాట లేకుండా పెళ్ళి జరిగేది కాదట. ఆమె గొంతులో పుండు లేచింది. డాక్టర్లు మాటపెట్టె తీసెయ్యాలన్నారు. మనిషి బతుకుతుంది, మాట మాత్రం ఉండదు. ఇప్పటికే గొంతు గుసగుసలా అయిపోయింది. ఫోన్లో రికార్డు చేస్తే గాలి తప్ప ఏమీ వినపడటం లేదు. స్టూడియో మైకు పెట్టి, సౌండు బాగా పెంచితేనే గొంతు పట్టుబడుతోంది. అయితే అంత పెంచేసరికి కంప్యూటర్ ఫ్యాన్ గోల కూడా దాంతో పాటే పడుతోంది. చప్పుడు లేని పెద్ద కూలర్ కొన్నది అందుకు. లాప్‌టాప్‌లో చెయ్యొచ్చు కదా అంటారేమో, ఆ మైకు తగిలించే కార్డు ఆ ఒక్క పెట్టెలోనే ఉంది.

"అత్త పాట మాకు దక్కాలి మేడమ్. రేపటికి ఇంక ఉండదు" అన్నాడు.

టూల్సు సంచిలో వేసుకుని ఆమదాలవలసలో ప్యాసింజర్ ఎక్కాను.

తెల్లటి మధ్యాహ్నం

నౌపడలో దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. స్టేషన్ దాటాక ఉప్పు మడులు. నీళ్ళు నిలబెట్టిన మడుల్లో ఆకాశం, ఆరిన మడుల్లో ఉప్పు. ఏది పైనో ఏది కిందో తెలీకుండా అంతా ఒకటే తెలుపు. దూరంగా ఉప్పు గుట్టలు గాలిలో కదులుతున్నట్టు, కాళ్ళు లేకుండా నిలబడ్డట్టు కనిపించాయి. ఆటోలో కూర్చున్నాను కానీ, ఆటో నడుస్తోందా మడులే నా పక్కనుంచి వెనక్కి జారిపోతున్నాయా అనిపించింది. పెదాలు ఉప్పగా ఉన్నాయి. ఇక్కడి గాలికి ఏ ఇనప మేకు తుప్పు పట్టకుండా బతుకుతుందని మనసులో అనుకున్నాను.

ఇంటి అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నీలమ్మ భర్త, అప్పన్న. చిన్నప్పట్నుంచీ ఉప్పు మడుల్లో పనిచేసిన మనిషి. రెండు కళ్ళలోనూ చూపు లేదు. మడుల ఎండ తినీసిందని ఆయన మాట, షుగరని డాక్టర్ల మాట. నా అడుగుల చప్పుడుకి తల తిప్పాడు.

"ఎవులది?"

"శ్రీకాకుళం నుంచి కంప్యూటర్ బాగుచెయ్యడానికొచ్చాను."

"ఇంజినీరమ్మా! ఇంత ఎండలోనా! రా అమ్మ, రా." లేవబోయాడు. లోపల్నుంచి గాలిలాంటి గొంతు ఒకటి, "మావా, ఎడం పక్క బిందుంది, తన్నీగలవు" అంది. ఆయన కాలు అక్కడికక్కడే ఆగి, పక్కకి జరిగి, బిందెని తప్పించుకుని నిలబడింది. ఆ గొంతుని నేను సగమే విన్నాను. ఆయన మొత్తం విన్నాడు.

నీలమ్మ గుమ్మంలోకి వచ్చింది. సన్నటి మనిషి, మెడ చుట్టూ కండువా, చేతుల నిండా గాజులు. నన్ను చూసి నవ్వి, గ్లాసుతో మజ్జిగ ఇచ్చి, మాటలు ఖర్చు చెయ్యడం ఇష్టంలేనట్టు చేత్తోనే తాగమంది. రేపట్నుంచి ఈవిడ చేతులే మాట్లాడాలి అనుకుంటూ మజ్జిగ తాగాను.

చల్లగా ఉన్న కూలర్

స్టూడియోలో మెషీన్ ఆన్ చేయించాను. నిజమే, చప్పుడు లేదు. గదంతా దూదితో నింపినట్టుంది. కాసేపటికి టప్పని ఆగిపోయింది. వెంటనే చెయ్యి పెట్టి కూలర్ రేకులు పట్టుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్తాను. మెషీన్ వేడికి ఆగిపోయినప్పుడు అందరూ వేడి కోసం వెతుకుతారు. మీరు చలవ కోసం వెతకండి. కింద చిప్పు కాలిపోతూ, పైన కూలర్ చల్లగా ఉందంటే, ఆ రెండూ ఒకదానికొకటి తగలడం లేదని అర్థం. ఢిల్లేశు కూలర్ మంచులా ఉంది.

"ఎన్ని స్క్రూలు పట్టాయి ఢిల్లేశూ?"

వాడు నేలచూపులు చూశాడు. "మూడు పట్టీసినాయి మేడమ్. నాలుగోది తిరగనేదు. మూడు సాలదేటి?"

"మంచానికి మూడు కాళ్ళు చాలుతాయా?"

"ఇటుక పెట్టీవొచ్చు" అన్నాడు. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

స్క్రూలు విప్పి కూలర్ పైకెత్తి తిప్పాను. రాగి ముఖం మీద, చుట్టూ వేడి లాగే బూడిదరంగు పేస్టు. సరిగ్గా మధ్యలో, పేస్టు ఎక్కడా పడకుండా గుండ్రంగా వదిలిన చోట, బొట్టు. పసుపు గంధం ఆరి, పెసరబద్ద మందాన గట్టిపడి ఉంది. మధ్యలో కుంకుమ చెక్కుచెదరలేదు. మా షావుకారు గారి చెయ్యి నాకు తెలీదా!

ఆయన ఏం చేశారో నాకు అక్కడే కళ్ళకి కట్టింది. డబ్బా తెరిచారు, అద్దంలా మెరుస్తున్న రాగి కనిపించింది. నాన్నగారి కొట్టు గుర్తొచ్చి ఉంటుంది. ఇన్నాళ్ళకి మళ్ళీ రాగి అమ్ముతున్నాననుకుని, పైనున్న ప్లాస్టిక్ పొర తీసి మరీ పెట్టి, మళ్ళీ పొర అంటించి ఇచ్చారు. ఆ పెసరబద్ద మీద కూర్చుని, కూలర్ చిప్పుని తాకకుండా గాల్లో తేలుతోంది.

"ఇది చూశావా నువ్వు?" అన్నాను.

"సూసినాను మేడమ్. తుడిసేద్దామనే అనుకున్నాను. అత్త సూసీసినాది. తుడవొద్దన్నాది."

ఎవరు తుడవాలి

మీలో కొందరికి ఇది నవ్వులాటగా ఉండొచ్చు. నాకు ఉండలేదు. ఇక్కడ బొట్టు చెరపడమంటే మొగుడు పోయిన ఆడదానికి చేసేది. రేపు ఆపరేషన్‌కి వెళ్ళే మనిషి, ఇంట్లో చూపులేని మొగుడు. అలాంటి ఇంట్లో, ప్రయాణం ముందు రోజు, ఎవరో చల్లగా ఉండమని పెట్టిన బొట్టు గుడ్డతో తుడిచెయ్యమంటే ఎవరి చెయ్యి ఆడుతుంది?

ఢిల్లేశు నా చెవి దగ్గరకొచ్చి, "మేడమ్, తమరు కిరస్తానం కదా. తమకి ఈ పట్టింపు ఉండదు. నాను అత్తని బయటికి తీసుకెల్తాను, తమరు తుడిసీండి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "నాకు బొట్టు లేకపోతే మనసు కూడా లేదనుకున్నావా? మా ఆడవాళ్ళకీ మొగుళ్ళున్నారు, మా ఇంట్లోనూ చావులూ బతుకులూ ఉన్నాయి. ఆవిడ వద్దన్నది నేను దొంగచాటుగా చెయ్యను" అన్నాను. నిజం చెప్పాలంటే వాడి మీద ఎంత కోపమో, నా మీదా అంతే కోపం. అంతకు ఒక్క క్షణం ముందు నేను కూడా అదే ఆలోచించాను.

కూలర్ పట్టుకుని తిన్నగా నీలమ్మ దగ్గరకి వెళ్ళాను. అరుగు మీద అప్పన్న పక్కన కూర్చుని ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ బొట్టు ఇక్కడుంటే మెషీన్ నడవదు, మెషీన్ నడవకపోతే మీ గొంతు రికార్డవదు, తుడిచెయ్యమని మాత్రం నేను అడగలేను, ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి అన్నాను.

ఆవిడ కూలర్‌ని ఒళ్ళో పెట్టుకుని, రాగిలో తన మొహం చూసుకుంది. మధ్యాహ్నపు వెలుతురు దాని మీద పడి ఆవిడ గడ్డం కింద వణుకుతోంది. ఊళ్ళో ఒక్క చప్పుడు లేదు, ఉప్పు మడుల మీంచి గాలి ఒక్కటే వస్తోంది.

"తుడవడమెందుకమ్మా" అంది చివరికి. "తీసి పెట్టుకుంతాను."

పక్కనున్న గ్లాసు నీళ్ళలో వేలు ముంచి, బొట్టు మీద పెట్టి మెత్తగా రాసింది. పసుపు కరిగి వేలికి అంటింది. ముందు అప్పన్న నుదుటి మీద పెట్టింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏటే ఇది, సల్లగా?" మళ్ళీ వేలు ముంచి, మిగిలింది తన నుదుటి మీదున్న బొట్టు మీదే పెట్టుకుంది. పేస్టు కాస్త కలిసి ఇద్దరి నుదుళ్ళూ వెండిలా మెరిశాయి. రాగి మీద గుడ్డ పెట్టి తుడవాల్సిన బొట్టు ఏమీ మిగల్లేదు.

"ఇంక బిగించుకో" అని కూలర్ నా చేతిలో పెట్టింది.

ఉప్పు కాపడం

బొట్టు తీరిపోయింది, నాలుగో స్క్రూ తీరలేదు. పెద్ద కూలర్‌కి బోర్డు వెనక ఒక ఇనప పలక ఉండాలి, స్క్రూలు దానిలోకి దిగుతాయి. పాత కూలర్‌ది ఒక పలక బోర్డు వెనక గమ్ముతో అంటుకుని ఉంది. అది ఊడక, ఢిల్లేశు కొత్త పలక పక్కనపెట్టి పాతదానికే స్క్రూలు తిప్పాడు. మూడు ఎలాగో దూరాయి, నాలుగోది తుప్పు పట్టిన కన్నంలో ఇరుక్కుంది.

బలవంతంగా ఊడదీస్తే పలకతో పాటు బోర్డు మీది సన్నటి రాగి గీతలు కూడా లేచొస్తాయి. అప్పుడిక బోర్డు చెత్తబుట్టకే. ఇలాంటప్పుడు ఇప్పటి కుర్రకారు స్క్రూడ్రైవర్‌తో పెళ్ళగిస్తారు. ఎన్ని బోర్డులు అలా పోవడం చూశానో. దానికి కావలసింది వెచ్చదనం. గమ్ము మెత్తబడితే పలక దానంతటదే వదులుతుంది.

"వేడినీళ్ళ సంచి ఉందా?" అన్నాను.

"నేదు మేడమ్. అత్త గొంతుకి ఉప్పు కాపడం పెడతన్నాము, అది ఉన్నాది."

ఉప్పు! బోర్డుకి ఉప్పు కంటే పగవాడు ఉన్నాడా? మళ్ళీ ఆలోచిస్తే ఆ ఇంట్లో అంతకంటే బాగా వేడి పట్టి ఉంచేది ఇంకేదీ లేదు. నీలమ్మే పెనం మీద ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టి ఇచ్చింది. దాన్ని ప్లాస్టిక్ సంచుల్లో ఒకదాని మీద ఒకటి చుట్టి, బోర్డు బోర్లించి, పలక మీద పెట్టాను. చల్లారితే మళ్ళీ వేయించి ఇచ్చేది. తన గొంతుకి పెట్టుకోవలసిన కాపడం నా బోర్డుకి పెట్టింది. గది నిండా వేయించిన ఉప్పు వాసన. కిటికీ అవతల మడులు ఎండ తగ్గి లేత నీలంగా మారుతున్నాయి. నేను బోర్డు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఒళ్ళు వెచ్చగా ఉన్న పసిపిల్ల పక్కన కూర్చున్నట్టు, తొందర అనేది మర్చిపోయాను. రైలు, షాపు, ఇల్లు, అన్నీ ఎవరివో అనిపించాయి.

అంచు కాస్త వదిలాక ఢిల్లేశు తెచ్చిన వల దారం సందులోకి దూర్చి, ఇటూ అటూ మెల్లగా లాగాను. పలక ఊడొచ్చింది. బోర్డు మీద గీత కూడా పడలేదు. ఢిల్లేశు గట్టిగా "ఓలమ్మో!" అని అరిచి, వెంటనే నోరు మూసుకున్నాడు.

తర్వాతది మీకు తెలిసిన పనే. కొత్త పలక, చిప్పు మీద కొంచెం పేస్టు, కూలర్. ఒక మూల కొంచెం తిప్పి, దానికి ఎదురు మూల కొంచెం తిప్పి, నాలుగూ కలిసి దిగేలా బిగించడం. ఫ్యాన్ పెద్దదై పెట్టె తలుపు మూసుకోలేదు. మూయించే ప్రయత్నం కూడా చెయ్యలేదు. అందం రేపు చూసుకోవచ్చు. ఆన్ చేసి రేకుల మీద చెయ్యి పెట్టాను. మెల్లగా వేడి ఎక్కింది. ఆ వేడి తగిలితే నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

రికార్డింగ్

సందెవేళ అయింది. నీలమ్మ మైకు ముందు కూర్చుంది. నేనూ ఢిల్లేశూ మెషీన్ దగ్గర, అప్పన్న గోడకి ఆనుకుని నేల మీద.

"అత్తా, ముందు తలంబ్రాల పాట అందుకో. తర్వాత అప్పగింతలది" అన్నాడు ఢిల్లేశు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "పాటలు నా సేత నేర్పించుకున్నోలు ఊరినిండా ఉన్నారు. ఆలు పాడతారు. ఉన్న గొంతు ఇది మీ మావకి."

"అది కాదత్తా..." అని వాడు ఏదో అనబోతే నేను వాడి చెయ్యి పట్టుకుని ఆపాను.

ఆవిడ మైకు దగ్గరకి వంగింది. "ఇదిగో మావా, ఇను" అంది. చెయ్యి మెల్లగా ఊపింది. గాజులు గలగలమన్నాయి. "ఇది ఇనబడితే నాను నీ పక్కనే ఉన్నానని. ఎక్కడికీ ఎల్లిపోనేదని."

తర్వాత బల్ల మీద వేలి కణుపుతో తట్టింది. "ఇది ఇనబడితే ఆగిపో. ముందర మెట్టో గొయ్యో ఉన్నాదని. మరి అడుగు ఎయ్యకు."

చప్పట్లు చరిచింది. "ఇది బువ్వకి రమ్మని. ఒక్క పిలుపుకే రావాలి. మల్లీ మల్లీ కొట్టను."

అప్పన్న గోడ దగ్గర నవ్వాడు. ఆవిడ కాలి మట్టెని గచ్చుకి రాసింది, కిర్రుమంది. "ఇది కోపమొచ్చినాదని. ఇది సెప్పకపోయినా నీకు తెలస్తాదిలే."

ఢిల్లేశు మానిటర్ వైపు చూస్తూ ఏడుస్తున్నాడు. నేను రేకుల మీద చెయ్యి తియ్యలేదు. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. మెషీన్ నడుస్తోందో లేదో చెవికి తెలియనంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో గాజుకి గాజు తగిలిన చప్పుడు కూడా విడివిడిగా పడింది.

"రేపట్నుంచి నా గొంతు ఎతుక్కోకు మావా" అంది నీలమ్మ. "ఇయ్యి ఎతుక్కో. ఏదీ, సెప్పు సూద్దాము." మళ్ళీ బల్ల మీద తట్టింది.

"ఆగమని" అన్నాడు అప్పన్న.

గాజులు ఊపింది.

ఆయన గోడ మీంచి తల ఎత్తి, "ఉన్నావని" అన్నాడు.

ఢిల్లేశు రికార్డింగ్ ఆపాడు.

షావుకారు గారికి చెప్పాను

షాపుకొచ్చాక షావుకారు గారికి జరిగిందంతా చెప్పాను. "నా బొట్టు వల్లేనా అమ్మాయ్? ఆవిడ గొంతు రికార్డవకుండా పోయి ఉంటే?" అన్నారు.

"పోలేదు కదండీ. ఇకమీదట ముఖం మీద వద్దు, అంతే."

"మరి ఎక్కడ పెట్టమంటావు?"

"డబ్బా మీద పెట్టండి."

"డబ్బా పారేస్తారు కదమ్మాయ్!" అన్నారు చాలా బాధగా. ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ఫ్యాన్ పక్క అంచు మీద పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదని తేల్చాం. ఇప్పటికీ ఆ షాపులో అక్కడే పెడుతున్నారట.

కొత్తగా ఈ పనిలోకొస్తున్నవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. ఆ రోజు బొట్టు పిచ్చిదని అనుకుని నేను గుడ్డతో గీకి పారేసి ఉంటే, మెషీన్ నడిచేది. నీలమ్మ మాత్రం మైకు ముందు కూర్చునేది కాదని నా నమ్మకం. మెషీన్ బాగుచెయ్యడం ఒక పని, ఆ ఇంట్లో బాగుచెయ్యడం ఇంకో పని. రెండోదానికి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వరు.

వర్షాలు వెనకబట్టాక నౌపడలో ఇంకో పని పడి వెళ్ళాను. ఢిల్లేశు ఇంటికీ వెళ్ళాను. ఆపరేషన్ బాగా జరిగింది. నీలమ్మ మెడకి తెల్లటి గుడ్డ కట్టుకుని ఎదురొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. అప్పన్న అరుగు మీద ఉన్నాడు. పక్కన కూర్చున్నాను.

"రికార్డు రోజూ వింటున్నారా, అప్పన్న గారూ?" అన్నాను.

"ఒక్కపాలి ఇన్నానమ్మా" అన్నాడు. లోపల గాజుల చప్పుడైంది. ఆయన అటు తల తిప్పి, మళ్ళీ నా వైపు తిరిగాడు.

"మల్లీ ఎందుకు ఇనడం? మనిసి ఉన్నాది గదా."